మినప్పప్పు ఉండగా మైదా ఎందుకు: ఇంట్లోనే గ్లూటెన్ లేని వాఫిల్స్

వాఫిల్ అంటే మైదా, గుడ్లు, వెన్న, పంచదార కలిపి, గళ్లు గళ్లుగా ఉండే రెండు వేడి పళ్లేల మధ్య కాల్చే రొట్టె. పైన కరకరలాడాలి, లోపల మెత్తగా ఉండాలి. ఆ మాట వినగానే మన ఉత్తరాంధ్ర వాళ్లకి దిబ్బరొట్టె గుర్తు రావాలి. ఎర్రగా కాలిన అంచు, లోపల గుల్లగా ఉండే మెత్తదనం, రెండింటికీ కావలసింది ఒకటే. కాబట్టి గోధుమ పడని పిల్లలకు వాఫిల్ చేసిపెట్టాలని ఉంటే ఆన్‌లైన్‌లో ఖరీదైన పిండి ప్యాకెట్ల కోసం వెతకనక్కర్లేదు. బియ్యం, చోళ్లు (రాగులు), మినప్పప్పు చాలు. గోధుమలో ఉండే గ్లూటెన్ అనే జిగట మాంసకృత్తు ఈ మూడింటిలోనూ ఉండదు, మూడూ శ్రీకాకుళంలోనైనా విజయనగరంలోనైనా సందు చివరి కొట్లో దొరుకుతాయి.

మా మేనకోడలికి సీలియాక్ జబ్బని, అంటే గ్లూటెన్ తింటే పేగు దెబ్బతినే జబ్బని తేలిన దగ్గర్నుంచి మా ఇంట్లో ఆదివారం పొద్దున్న టిఫిను ఇదే. ఇడ్లీ, దోసె ఎలాగూ తింటుంది, వాటిలో గోధుమ లేదు. కానీ స్నేహితుల పుట్టినరోజుల్లో అందరూ కేకులు, వాఫిల్స్ తింటుంటే తనొక్కతే అరటిపండు పట్టుకుని కూర్చోవడం ఇంట్లో ఎవరికీ నచ్చలేదు. అందుకే ఈ వంట మీద ఇంత శ్రద్ధ.

మైదా పని మినప్పప్పు ఎలా చేస్తుందో ముందు తెలుసుకుంటే తర్వాత కొలతలు కొంచెం అటూఇటూ అయినా మీరే సర్దుకోగలరు. గోధుమపిండిని నీళ్లతో కలిపితే గ్లయడిన్, గ్లూటెనిన్ అనే మాంసకృత్తులు పెనవేసుకుని సాగే గుణం వస్తుంది. అదే గ్లూటెన్. పిండిలో పుట్టిన గాలిబుడగల్ని అది బయటికి పోనివ్వదు. బియ్యప్పిండికి ఆ గుణం లేదు. ఉత్త బియ్యప్పిండి జారుగా కలిపి పోస్తే అట్టులా అణిగిపోతుంది, లేదంటే మూత ఎత్తగానే పై చెక్క పైకి, కింది చెక్క కిందికి విడిపోతుంది. ఇక్కడే మినప్పప్పు అక్కరకొస్తుంది. పప్పు రుబ్బేటప్పుడు వేళ్లకి తగిలే జిగురు ఉంది చూశారూ, అందులో అరబినోగెలాక్టన్ అనే పదార్థం ఉంటుంది. పిండి పులిసేటప్పుడు పుట్టే గాలిని ఆ జిగురే పట్టి ఉంచుతుంది. ఇడ్లీ పొంగేదీ అందుకే. మనం ఆ ఇడ్లీ పిండి గుణాన్నే తీసుకెళ్లి వాఫిల్ పెనంలో పెడుతున్నాం.

ఒక జాగ్రత్త. కడుపు ఉబ్బరమో, విరేచనాలో, పిల్లలు ఎదగకపోవడమో చూసి గోధుమ మీద అనుమానం వస్తే, పరీక్ష చేయించకముందే గోధుమ మానిపించకండి. సీలియాక్‌కి చేసే టీటీజీ రక్తపరీక్ష గానీ, ఆ తర్వాత ఎండోస్కోపీలో పేగు నుంచి తీసే ముక్క పరీక్ష గానీ, గోధుమ తింటున్నప్పుడు చేస్తేనే సరిగ్గా తేలతాయి. జబ్బు ఉందని తేలితే ఇక జీవితాంతం గోధుమ, బార్లీ, రై (గోధుమ లాంటి ఒక ధాన్యం) మూడూ బంద్. అప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు ప్రేమకొద్దీ “ఒక్కరోజు తింటే ఏటవుద్దమ్మా” అంటారు. అవుతుంది. పైకి ఏమీ కనిపించకపోయినా లోపల పేగు గోడ దెబ్బతింటూనే ఉంటుంది. ఈ సంగతి అమ్మమ్మకీ నాయనమ్మకీ డాక్టరు చేతే చెప్పించండి, మీరు చెబితే వినరు.

గింజలే కొనండి, పిండి కొనకండి

వంటలో తప్పు జరిగితే వాఫిల్ ఒక్కటే పాడవుతుంది. పిండి దగ్గర తప్పు జరిగితే తిన్న మనిషికి జబ్బు తిరగబెడుతుంది. అందుకే ఈ ఒక్క విషయం వివరంగా చెబుతున్నాను.

మిల్లుకి వెళ్లి ఒక్కసారి నిలబడి చూడండి. పైన తొట్లో గోధుమలు పోసి ఆడిస్తుంటే కింద గుడ్డ గొట్టంలోంచి పిండి డబ్బాలోకి దిగుతుంది. అవి అయిపోగానే మిల్లతను గొట్టాన్ని రెండు దెబ్బలు కొట్టి, వరసలో తర్వాత ఉన్నవాళ్ల చోళ్లు తొట్లో పోసేస్తాడు. మొదట దిగే పిండి తెల్లగా ఉంటుంది. చూస్తుండగానే మెల్లగా చోడిపిండి రంగుకి తిరుగుతుంది. ఆ తెల్లటిదంతా ముందువాళ్ల గోధుమపిండే. మిల్లతని తప్పేమీ లేదు, అందరికీ అలాగే ఆడిస్తాడు, మిగతావాళ్లకి దానివల్ల నష్టమూ లేదు. కానీ మన దేశంలో గ్లూటెన్ ఫ్రీ అని ప్యాకెట్ మీద రాయాలంటే కిలోకి 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదు. కిలో చోడిపిండిలో ఒక్క చెంచా గోధుమపిండి కలిసినా ఆ హద్దు పదిరెట్లకు పైగా దాటిపోతుంది.

కాబట్టి గింజలే కొనండి. కొన్నవాటిని చాటలో పోసి చెరిగి, గోధుమ గింజలు కలిశాయేమో ఏరుకోండి. కిరాణా కొట్లో అన్ని గోనెలకీ ఒకటే గరిట తిరుగుతుంది, అందుకని కలిసే అవకాశం ఉంటుంది. తర్వాత నీళ్లు మారుస్తూ నాలుగైదుసార్లు కడిగి, చోళ్లని గాలించండి. అడుగున చేరే సన్నటి ఇసకని చూస్తే గాలించడం ఎంత అవసరమో మీకే తెలుస్తుంది. రుబ్బడం ఇంట్లో మిక్సీలోనో గ్రైండర్లోనో చెయ్యాలి. మనం చేసే పద్ధతిలో నానబెట్టి రుబ్బుతాం కాబట్టి మిల్లు అవసరమే రాదు.

ఇడ్లీ రవ్వ ప్యాకెట్ బదులు బియ్యమే వాడండి. బొంబాయి రవ్వ, సేమియా గోధుమవే. రాగి మాల్ట్ అని అమ్మే డబ్బాల్లో కొన్నిట్లో బార్లీ మాల్టో గోధుమో ఉంటుంది, వెనక రాసింది చదివి కొనండి. అందరూ మర్చిపోయేది ఇంగువ. డబ్బా ఇంగువలో చాలావాటిలో గోధుమపిండో మైదానో కలిపి ఉంటుంది, డబ్బా మీద రాసే ఉంటుంది. ఉప్పు వాఫిల్‌లో, చట్నీ పోపులో చిటికెడు ఇంగువ పడిందంటే అంత కష్టమూ వృథా.

చోళ్ల విషయంలో మన జిల్లాలు అదృష్టం చేసుకున్నాయి. బయట రాగులంటారు, మనకి చోళ్లే. సీతంపేట, పార్వతీపురం వైపు మన్యంలో ఇప్పటికీ బాగా పండిస్తారు. విజయనగరం వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి వచ్చిన చోడి రకాల్లో రెండింటికి చంపావతి, వేగావతి అని మన నదుల పేర్లే పెట్టారు. బియ్యం మాత్రం అన్నానికి వాడే శ్రీకాకుళం సన్నాల్లాంటివి దీనికి ఖర్చు చెయ్యకండి. దోసెలకి వాడే దొడ్డు బియ్యమో రేషన్ బియ్యమో అయితే కరకర బాగా వస్తుంది.

ఏ పెనం

కరెంటు వాఫిల్ మేకర్ అయితే సులువు, రెండు వైపులా ఒకేసారి కాలుతుంది. గ్యాస్ పొయ్యి మీద పెట్టి తిప్పుకునే అచ్చులు కూడా దొరుకుతాయి. వాటితో కొంచెం అలవాటు కావాలి గానీ మా అనుభవంలో అంచులు ఇందులోనే బాగా ఎర్రబడతాయి, పొద్దున్నే కరెంటు పోయినా టిఫిను ఆగదు. ఏది కొన్నా సీలియాక్ ఉన్నవాళ్ల కోసం కొత్తది కొని వాళ్లకే ఉంచాలి. మైదా వాఫిల్స్ కాల్చిన పెనం గళ్ల మూలల్లో అంటుకున్నది ఎంత కడిగినా పూర్తిగా పోదు. బ్రెడ్డు కాల్చే శాండ్‌విచ్ టోస్టర్ కూడా అంతే, అది వాడొద్దు. జల్లెడ, చెక్క గరిట కూడా విడిగా పెట్టండి. ఏ పెనమూ లేకపోతే ఇదే పిండిని పొంగనాల పెనంలో వేసుకోవచ్చు. గళ్లు రావు, రుచి వస్తుంది.

ముందు రోజు చేసే పని

ఆరేడు వాఫిల్స్‌కి దొడ్డు బియ్యం 1 కప్పు, చోళ్లు అర కప్పు, మినప్పప్పు అర కప్పు, మెంతులు అర చెంచా, అటుకులు గుప్పెడు తీసుకోండి. చోళ్లు పొద్దున్నే విడిగా నానబెట్టాలి, వాటికి 8 గంటలైనా కావాలి. తక్కువ నానితే పొట్టు మెదగక నాలిక్కి గరగర తగులుతుంది. బియ్యం, మెంతులు కలిపి ఒక గిన్నెలో, మినప్పప్పు ఇంకో గిన్నెలో మధ్యాహ్నం నానబెట్టినా చాలు, 5 గంటలు సరిపోతుంది. అటుకులు రుబ్బే ముందు పావుగంట నానితే చాలు.

రాత్రి ముందుగా మినప్పప్పు రుబ్బండి. నీళ్లు ఒక్కసారే పోసేయకుండా కొంచెం కొంచెం చిలకరిస్తూ, పిండి తెల్లగా ఉబ్బి తేలికయ్యేదాకా రుబ్బాలి. చిన్న ఉండని నీళ్ల గిన్నెలో వేస్తే తేలాలి. మునిగిందంటే ఇంకా రుబ్బాలని అర్థం. ఈ పరీక్ష తప్పకుండా చెయ్యండి, వాఫిల్ గుల్లగా వస్తుందా రాదా అన్నది ఇక్కడే తేలిపోతుంది. మిక్సీలో అయితే జారు వేడెక్కకుండా చల్లటి నీళ్లు వాడి, మధ్యమధ్యలో ఆపుతూ రుబ్బండి.

తర్వాత చోళ్లు ఒక్కటే వేసి మెత్తగా రుబ్బి, అందులోనే బియ్యం, అటుకులు వేసి మళ్లీ రుబ్బండి. బియ్యం మరీ వెన్నలా కాకుండా వేళ్ల మధ్య సన్నటి రవ్వ తగిలేలా ఆపితే కాలాక కరకర ఎక్కువ ఉంటుంది. మొత్తం ఒక పెద్ద గిన్నెలోకి తీసి ముప్పావు చెంచా ఉప్పు వేసి చేత్తో కలపండి. ఇడ్లీ పిండికీ దోసె పిండికీ మధ్యస్థంగా ఉండాలి. గరిటతో ఎత్తి వంచితే ముద్దగా పడకూడదు, నీళ్లలా కారకూడదు, వెడల్పాటి ధారగా మెల్లగా జారాలి.

ఎండాకాలం మన కోస్తా ఉక్కకి ఐదారు గంటల్లోనే పొంగిపోతుంది. పడుకునే ముందు రుబ్బి బయటపెడితే తెల్లారేసరికి పుల్లబడుతుంది, అందుకని ఆ రోజుల్లో పొంగు చూసి వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి. సంక్రాంతి చలిలో 12 గంటలు పట్టినా ఆశ్చర్యం లేదు. గిన్నెకి కంబళి చుట్టి పొయ్యి పక్కన పెడితే సరి.

తెల్లారాక

పిండి పొంగింది కదా అని బాగా కలిపేయకండి, గాలంతా పోతుంది. సగం పిండి ఉప్పు వాఫిల్స్‌కి, సగం తీపి వాఫిల్స్‌కి విడదీసుకోండి. మొత్తం పిండికి నాలుగు పెద్ద చెంచాల నూనె గానీ కరిగించిన నెయ్యి గానీ పడుతుంది, సగానికి రెండేసి. ఇది ఎక్కువనిపించి తగ్గించబోతారు. తగ్గిస్తే పెనానికి అంటుకుంటుంది, కరకర రాదు. తింటే గుడ్డు ఒక్కో సగానికి ఒకటి గిలక్కొట్టి కలుపుకోవచ్చు, రొట్టె ఇంకా తేలిగ్గా వస్తుంది. తినకపోతే బెంగ లేదు, మినప్పప్పు ఉంది కాబట్టి విరగదు. ఇంకా కరకరలాడాలంటే ఒక పెద్ద చెంచా కార్న్‌ఫ్లోర్ వెయ్యండి, దాని ప్యాకెట్ మీద కూడా గ్లూటెన్ ఫ్రీ అని ఉందో లేదో చూసుకోండి.

ఉప్పు పిండిలో సన్నగా తరిగిన ఉల్లి, పచ్చిమిర్చి, అల్లం, జీలకర్ర, కరివేపాకు వెయ్యండి. ఉల్లి చాలా సన్నగా ఉండాలి, పెద్ద ముక్క గళ్లలో ఇరుక్కుంటే అక్కడ పచ్చిగా మిగులుతుంది.

తీపి పిండికి మూడు పెద్ద చెంచాల బెల్లం తురుముని చెంచాడు వేడినీళ్లలో కరిగించి, వడకట్టి, చల్లారాక కలపండి. అంతకంటే ఎక్కువ వెయ్యొద్దు, బెల్లం ఎక్కువైతే లోపల ఉడక్కముందే పైన మాడుతుంది. తీపి తర్వాత పాకంతో సర్దుకోవచ్చు. ఒక యాలక్కాయ పొడి చాలు.

వంటసోడా చివర్లో, పెనం వేడెక్కాక, ఒక్కో సగానికి రెండు చిటికెలు. పులిసిన పిండిలో పులుపు ఉంది కాబట్టి సోడా వెంటనే పొంగుతుంది, బేకింగ్ పౌడర్ అవసరం లేదు. వేసిన పావుగంటలో పోసెయ్యాలి. ఉద్దానం వైపు ఇళ్లలో కిడ్నీ జబ్బుతో ఉన్నవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల వంతు పిండిలో సోడా వెయ్యకండి, ఉప్పు కూడా డాక్టరు చెప్పినంతే. చోళ్లు, మినప్పప్పు వాళ్లు ఎంత తినవచ్చో కూడా అడిగి తెలుసుకోండి.

ముందు ఉప్పువి కాల్చండి, తర్వాత తీపివి. బెల్లం పడిన పెనం జిడ్డుగా అంటుకుంటుంది, తర్వాత వేసేవి సరిగ్గా ఊడవు.

పెనం బాగా కాలాలి. నీటి చుక్క వేస్తే చుయ్‌మని ఎగిరిపోవాలి. పై పళ్లెం, కింది పళ్లెం రెండింటికీ గళ్ల మూలల దాకా బ్రష్‌తో నూనె రాయండి. పిండి మధ్యలో పోసి, అంచుకి వేలెడు దూరంలో ఆపండి, మూత వేస్తే అదే పరుచుకుంటుంది. ఇప్పుడు మూత ముట్టుకోకండి. మొదట అన్ని పక్కల నుంచీ ఆవిరి జోరుగా వస్తుంది. మూడో నిమిషానికి పచ్చి వాసన పోయి మినప వాసన తేలుతుంది, ఆవిరి పలచబడుతుంది. చాలామంది ఇక్కడే ఆత్రపడి తెరుస్తారు, రొట్టె రెండుగా చీలిపోతుంది. ఆవిరి దాదాపు ఆగిపోయేదాకా ఆగండి. మైదా వాఫిల్ కంటే ఇది ఎక్కువసేపు తీసుకుంటుంది, ఐదు నుంచి ఏడు నిమిషాలు. వాఫిల్ మేకర్ మీద పచ్చలైటు ముందే వెలిగినా నమ్మకండి, అది మైదాకి లెక్కగట్టిన సమయం. మూత కొంచెం ఎత్తి చూస్తే తేలిగ్గా లేవాలి. పట్టుకున్నట్టు అనిపిస్తే ఇంకో నిమిషం. గ్యాస్ అచ్చు అయితే మంట మధ్యస్థంగా పెట్టి, మొదటి రెండు నిమిషాలయ్యాక తిప్పండి, తర్వాత నిమిషానికోసారి.

తీసిన వాఫిల్‌ని కంచంలో పెట్టకండి, ఒకదాని మీద ఒకటి అసలు పెట్టకండి. అడుగున చెమ్మ పట్టి రెండు నిమిషాల్లో మెత్తబడిపోతుంది. బోర్లించిన జల్లెడ మీద విడివిడిగా పెడితే నాలుగు పక్కలా గాలి తగిలి కరకర నిలుస్తుంది. మొదటిది సరిగ్గా రాకపోతే నూనె ఇంకొంచెం రాసి రెండోది పోయండి, పెనానికి వేడి కుదిరేసరికి ఒకటి ఖర్చవడం మామూలే.

దేంతో తినాలి

ఉప్పు వాఫిల్‌కి అల్లం పచ్చడి మించినది లేదు. కవిటి, సోంపేట కొబ్బరి దొరికే ఊళ్లో ఉన్నాం కాబట్టి కొబ్బరి చట్నీ ఎలాగూ ఉంటుంది.

తీపి వాటికి మా ఇంట్లో జీడిపప్పు ముద్ద చేస్తాం. పలాస జీడిపప్పులో గుళ్ల ధర ఎక్కువ, బద్దలు, ముక్కలు చౌక, రుచి ఒకటే. కప్పు ముక్కలు నూనె లేకుండా సన్నసెగ మీద దోరగా వేయించి, పూర్తిగా చల్లారాక మిక్సీలో ఆపుతూ ఆపుతూ తిప్పండి. ముందు పొడి అవుతుంది, తర్వాత ముద్దకడుతుంది, ఇంకా తిప్పితే నూనె తేలి జారవుతుంది. చిటికెడు ఉప్పు వేస్తే రుచి మారిపోతుంది. పాకానికి 100 గ్రాముల బెల్లం పావు కప్పు నీళ్లలో కరిగించి వడకట్టి మూడు నాలుగు నిమిషాలు మరిగించండి. తీగపాకం రాకముందే దించాలి, చల్లారాక అదే చిక్కబడుతుంది. ఎండాకాలంలో సువర్ణరేఖ మామిడిపండు ముక్కలు, మిగతా రోజుల్లో అరటిపండు. దొరికినప్పుడు సీతంపేట పైనాపిల్ ముక్కల్ని నెయ్యిలో ఒక నిమిషం వేయించి వేస్తే పెద్దవాళ్లు కూడా రెండోది అడుగుతారు.

నానబెట్టడం మర్చిపోయినప్పుడు

ఇంట్లో ఆడించి దాచుకున్న పొడి పిండి ఉంటే పని అవుతుంది. బియ్యం కడిగి నీడన ఆరబెట్టి, మిక్సీలో పొడి చేసి, జల్లించి పెట్టుకోవాలి. చోళ్లదీ అంతే. బియ్యప్పిండి 1 కప్పు, చోడిపిండి అర కప్పు, కార్న్‌ఫ్లోర్ పావు కప్పు, బేకింగ్ పౌడర్ ఒకటిన్నర చెంచా, ఉప్పు అర చెంచా కలిపి, రెండు గుడ్లు, కప్పుంబావు పాలు, మూడు పెద్ద చెంచాల నూనె పోసి కలపండి. మినప్పప్పు లేదు కాబట్టి ఇందులో గుడ్డు ఉండాల్సిందే. గుడ్డు వద్దనుకుంటే రెండు పెద్ద చెంచాల అవిసె గింజల పొడిని ఆరు పెద్ద చెంచాల నీళ్లలో పావుగంట నానబెట్టి, ఒక చెంచా ఇసబ్‌గోల్‌తో కలిపి వెయ్యండి. కలిపిన పిండిని 20 నిమిషాలు కదపకుండా ఉంచాలి. బియ్యప్పిండి నీళ్లు పీల్చుకోవడానికి ఆ సమయం కావాలి, లేకపోతే కాలాక కూడా పిండి పిండిగా తగులుతుంది. బేకింగ్ పౌడర్ మన ఉక్కలో తొందరగా చచ్చిపోతుంది. అర చెంచా పొడి మీద వేడినీళ్లు పోసి చూడండి, బుసబుస పొంగకపోతే పారేసి కొత్తది తెచ్చుకోండి. రుచిలో ఇది పులిసిన పిండి వాఫిల్‌కి సాటి రాదు, తొందరకి మాత్రమే.

మిగిలిన వాఫిల్స్ పూర్తిగా చల్లారాక డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే రెండు రోజులు బాగుంటాయి. బడికి పంపేముందు పెనం మీద నూనె లేకుండా రెండు పక్కలా వేడి చేస్తే మళ్లీ కరకరలాడతాయి. మైక్రోవేవ్‌లో పెడితే తోలులా సాగుతాయి. పిండే మిగిలితే సోడా, బెల్లం కలపనిది మూడో రోజు దాకా ఫ్రిజ్‌లో నిలుస్తుంది. అప్పటికి పుల్లబడుతుంది కాబట్టి తీపికి పనికిరాదు. ఉల్లి, అల్లం దండిగా వేసి మందపాటి మూకుట్లో, సన్నసెగ మీద మూతపెట్టి దిబ్బరొట్టెగా కాల్చుకోండి.